ప్రొక్యూరు అనే ఊరు

మొన్న మా తమ్ముడి మనవడు ధర్మవరం వచ్చి మా ఇంట్లో ఒక పూట ఆగిపోయాడు. ఎర్రమంచి దగ్గర కార్ల ఫ్యాక్టరీలో వాడికి కొత్తగా ఉద్యోగం వచ్చింది. అక్కడ ఏం పని చేస్తావురా అని అడిగితే, మెడలో వేలాడే కార్డును చొక్కా జేబులోకి దోపుకుంటూ "ప్రొక్యూర్‌మెంట్‌లో అవ్వా" అన్నాడు. నాకు నవ్వు ఆగలేదు. తాగుతున్న కాఫీ ముక్కులోకి పోయి, దగ్గు వచ్చి, కళ్ళ నీళ్ళు కారితే వాడు భయపడి నా నడినెత్తి మీద తట్టాడు. "దీంట్లో నవ్వేదేముంది? ఫ్యాక్టరీకి కావాల్సినవన్నీ తెప్పించే డిపార్ట్‌మెంటు" అని కొంచెం నొచ్చుకున్నాడు కూడా. ఆ మాట వల్ల మా ఇంట్లో ఒక పెండ్లి చెడిపోబోయిందని చెప్పేలోపే వాడి బస్సు వేళయింది. వాడికి చెప్పలేకపోయింది ఇక్కడ రాసుకుంటున్నాను.

పెనుకొండలో మా ఇల్లు కోటగోడకు దగ్గరగా ఉండేది. వంటింటి కిటికీ తెరిస్తే కొండ తప్ప ఏమీ కనిపించదు. పొద్దున్నే రాగులు విసిరే చప్పుడుకు మాకు మెలకువ వచ్చేది. ఇంటి నిండా వేరుశెనగ గోతాల వాసన, దాని మీద అవ్వ నశ్యం ఘాటు. అవ్వ అంటే మా నాయన తల్లి. ఇంటి పెత్తనమంతా ఆమెదే. ఆమె నన్ను పని మీద ఊళ్ళోకి పంపేటప్పుడు ఒక్కో వస్తువుకు ఒక్కో మాట వాడేది. కరివేపాకైతే తెంపుకొని రా. మజ్జిగైతే పోయించుకొని రా. చింతపండైతే పొరుగింట్లో ఇప్పించుకొని రా. వంకాయలైతే ఇన్ని జొన్నలు పోసి మార్చుకొని రా. సంతలో బెల్లమైతే కొనుక్కొని రా. ఆ మాటను బట్టే నేను ఎవరి వాకిట్లో ఎంతసేపు నిలబడాలో, ఎంత వినయంగా నిలబడాలో తెలిసిపోయేది. కొనుక్కొని రమ్మంటే తల ఎత్తుకొని పోవచ్చు. ఇప్పించుకొని రమ్మంటే మాత్రం ముందుగా ఆ ఇంటి ముసలమ్మ మోకాళ్ళ నొప్పుల గురించి అడగాలి.

ఇట్లాంటి ఇంట్లోకి మా చిన్నాయన ఒక్క ఇంగ్లీషు మాట తెచ్చి అన్నింటినీ కలిపేశాడు. చిన్నాయన పేరు అశ్వర్థం, నాయనకు తమ్ముడు. ఎస్సెల్సీ పాసై, సేద్యం మీద మనసు పోక, చాలా కాలం మిద్దె మీద పడుకొని మబ్బులు చూశాడు. ఆ రోజుల్లో తిండిగింజల కొరత. సర్కారువాళ్ళు రైతుల దగ్గర బలవంతాన ధాన్యం సేకరించేవారు. ఊరూరా తిరిగి ఇంటికి ఇంత అని తూకం వేయించుకొని గోడౌనుకు పంపే ఆ పనికి తాత్కాలికంగా గుమాస్తాలను తీసుకుంటే, మావాడికీ అందులో చోటు దొరికింది. ఆఫీసులో ఆ పనిని 'ప్రొక్యూర్' చేయడం అనేవారట. మొదటి వారం తిరిగేసరికి చిన్నాయన నోట్లో మరే మాటా మిగల్లేదు. సబ్బు ప్రొక్యూర్ చేయాల, జట్కా ప్రొక్యూర్ చేయాల, తలనొప్పికి శొంఠి ప్రొక్యూర్ చేయాల.

అవ్వకు మాత్రం అది ఒక ఊరు.

"ఆ ప్రొక్యూరు యాడుండాదిరా?" అంది ఒకరోజు, కొడుక్కి సంగటి ముద్ద వేస్తూ.

"ఊరు కాదమ్మా. పని."

"చిలమత్తూరు ఊరైతే ఇదొకటి పనెట్లయితాదిరా? దూరమైతే చెప్పు, సద్ది కట్టిస్తా."

చిన్నాయన ఎన్నిసార్లు చెప్పినా ఆమె నమ్మలేదు. మీ చిన్నోడు యాడ పని చేస్తాండాడని అడిగినవాళ్ళందరికీ "ప్రొక్యూరులో" అని చెప్పింది. కొన్నాళ్ళకు అది ఊళ్ళో స్థిరపడిపోయింది. బస్టాండు దగ్గర ఒక పెద్దమనిషి ఆ ప్రొక్యూరు దోవ శానా అన్యాయమనీ, వానొస్తే బండి దిగబడుతుందనీ నాతోనే చెప్పాడు. నేను అవునని తల ఊపి, అక్కడ నీళ్ళు కూడా ఉప్పగా ఉంటాయని చెప్పి వచ్చాను.

ఉద్యోగం వచ్చిన తర్వాత చిన్నాయనకు సంబంధాలు చూడటం మొదలుపెట్టారు. రైతుల ఇళ్ళల్లో మాత్రం అతని పేరు చెబితేనే తలుపులు మూసుకునేవాళ్ళు. గింజలు కొలుచుకొని పోయేవాడికి పిల్లను ఎవరిస్తారు? చివరికి అవ్వ తమ్ముడు, సోమందేపల్లి తాత, హిందూపురంలో ఒక సంబంధం తెచ్చాడు. పిల్ల తండ్రి రంగప్ప అని, హెడ్మాస్టరు చేసి రిటైరైన మనిషి. పిల్ల పేరు విశాలాక్షి, బాగా చదువుకుంది. ఆస్తి గురించి వాళ్ళు అడగరు. కానీ చిక్కంతా వేరేచోట ఉంది. "ఆయప్ప పెండ్లికొడుకును ఇంగ్లీషులో అడుగుతాడు. ముందర వచ్చినోళ్ళను తప్పులు మాట్లాడినారని కాఫీ అయినా ఇయ్యకుండా పంపించినాడు" అన్నాడు తాత.

మామూలుగా అయితే చిన్నాయన ఆ మాటకే వెనక్కి తగ్గాల్సింది. కానీ తాత వెంట తెచ్చిన ఫోటో చూశాక అతను దాన్ని తిరిగి ఇవ్వలేదు. జేబులో పెట్టుకొని మిద్దె ఎక్కాడు. ఆ రోజు నుంచి సాయంత్రాలు మిద్దె మీద మాకు అభ్యాసం. నేను నాయన కళ్ళద్దాలు పెట్టుకొని, బోర్లించిన గంప మీద కూర్చొని రంగప్పగారి వేషం వేయాలి. ఏమి పని చేస్తావని నేను గొంతు లావు చేసి ఇంగ్లీషులో అడగాలి. చిన్నాయన చేతులు కట్టుకొని జవాబు చెప్పాలి. 'ఐ వర్క్ ఇన్ ప్రొక్యూర్‌మెంట్' అనే వాక్యం అతనికి చప్పగా తోచింది. టీచ్ చేసేవాడు టీచర్, ఫార్మ్ చేసేవాడు ఫార్మర్, మరి ప్రొక్యూర్ చేసేవాడు? కాసేపు కొండవైపు చూసి, ప్రొక్యూరర్ అని తానే తేల్చుకున్నాడు. ఆ మాట బరువుకు తనే ఒక అంగుళం పొడుగైనట్టు నిలబడ్డాడు.

పిల్లను చూడటానికి నాయన, అవ్వ, సోమందేపల్లి తాత, చిన్నాయన, నేను బయలుదేరాము. నన్ను తీసుకుపోవడం ముచ్చటకు కాదు. లోపలి గదిలోకి పోయి, పిల్ల జడ సొంతమో సవరమో కనుక్కొని రావడం నా పని. రైల్లో చిన్నాయన కిటికీ పక్కన కూర్చొని పెదాలు కదుపుతూనే ఉన్నాడు. ఎదురు బెంచీ మీది ఆమె మంత్రం చదువుతున్నాడేమోనని కాళ్ళు వెనక్కి లాక్కుంది.

హిందూపురంలో వాళ్ళ వీధి మొదట్లోనే బెల్లం మండీ. వీధంతా తియ్యటి వాసన, ఈగలు. ఇంట్లోకి పోగానే ఉప్పిట్టు తాలింపు వాసన వచ్చింది, ఉప్మాను మా దిక్కు అట్లాగే అంటారు. కాఫీ దాకా అయినా పోతామని నాకు ధైర్యం కలిగింది. నన్ను లోపలికి పంపారు. విశాలాక్షి మంచం అంచున కూర్చొని ఉంది. జడ ఊరికే పట్టుకుంటే తెలుస్తుందా అని నేను ఆలోచిస్తుంటే, ఆమే జడ ముందుకు వేసుకొని "లాగి చూసుకో, మీ అవ్వ అందుకే కదా పంపించింది" అంది. లాగాను. సొంతమే. ఇంతలో హాల్లోంచి హెడ్మాస్టరుగారి గొంతు వినబడింది. ఇద్దరం తలుపు సందు దగ్గరికి చేరాము.

ఆయన ఇంగ్లీషులోనే, అబ్బాయీ నువ్వేం చేస్తుంటావని అడిగారు.

"ఐ యామ్ ఎ ప్రొక్యూరర్ సార్" అన్నాడు చిన్నాయన, గుక్క తిప్పుకోకుండా.

నా పక్కన విశాలాక్షి ఊపిరి బిగబట్టింది.

హెడ్మాస్టరుగారు కళ్ళద్దాలు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకున్నారు. సరిగా వినలేదేమో అన్నట్టు, ఎవరి కోసం అని అడిగారు. "ఫర్ హూమ్?"

"ఫర్ ది గవర్నమెంట్ సార్" అన్నాడు చిన్నాయన. ఇంత వివరంగా అడుగుతున్నారంటే తన ఇంగ్లీషు ఆయనకు నచ్చిందనే అనుకున్నాడు. ఆ ఊపులో, మిద్దె మీద చేసిన కడపటి వాక్యం కూడా అప్పజెప్పేశాడు. "నౌ ఐ హావ్ కమ్ టు ప్రొక్యూర్ యువర్ డాటర్."

విశాలాక్షి పైట కొంగు నోట్లో కుక్కుకుంది. అయినా లాభం లేకపోయింది. ఆమె నవ్వు హాలంతా వినిపించింది. నాకు ఏమీ అర్థం కాలేదు గానీ, ఆమెను చూసి నేనూ నవ్వాను. హెడ్మాస్టరుగారు లేచి నిలబడి, చాలా మర్యాదగా, తెలుగులో, "కబురు చేస్తాం" అన్నారు. ఉప్పిట్టు వంటింట్లోనే ఉండిపోయింది.

తిరుగు రైల్లో చిన్నాయన అంత సంతోషంగా ఉండటం నేనెప్పుడూ చూడలేదు. "సూసినావాన్నా, ఆయప్పకి మాట రాల్యా" అన్నాడు నాయనతో. అవ్వ మాత్రం నశ్యం డబ్బీ మూత తీస్తూ, మూస్తూ కూర్చుంది. "మాట రాకపోతే పోనీ, ఉప్పిట్టు యాల రాల్యారా?" అంది.

కబురు సోమందేపల్లి తాత మోసుకొచ్చాడు. అబ్బాయి చేసే పని మాకు సరిపోదు, అంతే. గవర్నమెంటు పని సరిపోకపోవడం ఏమిటని అవ్వ మండిపడింది. నాయనకు ఏదో అనుమానం వచ్చింది. పక్క వీధిలో ఒక ప్లీడరుగారి దగ్గర ఇటుకంత లావు డిక్షనరీ ఉండేది. నాయన పోయి తమ్ముడు చెప్పిన వాక్యాలను ఆయనకు అప్పజెప్పాడట. ప్లీడరుగారు డిక్షనరీ తెరవనే లేదు. గట్టిగా నవ్వి, లోపలి తలుపు దగ్గరికి వేసి, నాయన చెవిలో చెప్పాడట. నాయన ఇంటికి వచ్చి చిన్నాయనను గొడ్లపాకలోకి పిలిచాడు. తడిక అవతల నిలబడిన నాకూ అవ్వకూ "అయ్యో దేవుడా" అన్న చిన్నాయన గొంతు తప్ప ఏమీ వినిపించలేదు.

"ఏమంటరా ఆ మాటకి అర్థం?" అని అవ్వ నాయనను నిలదీసింది.

నాయన నేల చూశాడు, దూలం చూశాడు, నన్ను చూశాడు. "దొంగ అని అర్థమంటమ్మా" అన్నాడు.

"ఓస్, అంతేనా? ఊరూరి గింజలు ఎత్తకపోయేటోన్ని దొంగ అనకుండా ఏమంటారు? వాడు నిజమే చెప్పినాడు కదా."

అసలు అర్థం నాకు తెలిసింది చాలా ఏళ్ళ తర్వాత, అనంతపురం కాలేజీ లైబ్రరీలో. వస్తువులను సంపాదించడం అనే అర్థం కింద చిన్న అక్షరాలతో ఇంకొకటి ఉంది. డబ్బు తీసుకొని మగవాళ్ళకు ఆడవాళ్ళను కుదిర్చిపెట్టేవాడు అని. సర్కారు కోసం ఆ పని చేస్తున్నానని, ఇప్పుడు మీ అమ్మాయి కోసం వచ్చానని మా చిన్నాయన ఒక రిటైర్డు హెడ్మాస్టరుకు చేతులు కట్టుకొని విన్నవించాడన్నమాట. లైబ్రేరియన్ నన్ను బయటికి పంపేదాకా నవ్వాను.

కానీ ఆ రోజుల్లో ఇంట్లో నవ్వే పరిస్థితి లేదు. చిన్నాయన పనికి పోవడం, రావడం తప్ప మాట మానేశాడు. ఇంగ్లీషు మాట్లాడలేదు సరే, తెలుగు కూడా అవసరానికి మించి మాట్లాడలేదు. అవ్వ వేరే సంబంధం ఎత్తితే లేచి వెళ్ళిపోయేవాడు. ఫోటో మాత్రం తాతకు తిరిగి పోలేదు.

ఒకరోజు పొద్దు వాలుతుండగా మా వాకిట్లో ఒక జట్కా ఆగింది. హెడ్మాస్టరుగారి భార్య, వెనకాలే విశాలాక్షి దిగారు. "బాబయ్య దర్గాకు మొక్కుంటే వచ్చినాము. దాహమయింది, మీ ఇల్లు ఈడేనని..." అందామె. దర్గా ఒక మూల, మా ఇల్లు ఒక మూల. దాహమైనవాళ్ళు ఊరంతా దాటి మా ఇంటికి రానవసరం లేదు. అవ్వ ఇదంతా లెక్క వేసుకొని కూడా ముఖంలో కనబడనీయలేదు. "మజ్జిగ తాగండి తల్లీ" అని పెద్దామెను లోపల కూర్చోబెట్టి, "మే సరోజా, ఆ పాపకి పెరట్లో మన బర్రెను చూపించుకొని రాపో" అని నన్ను పంపింది. హిందూపురం పిల్ల బర్రెను చూడకుండా పెరిగినట్టు.

పెరట్లో చిన్నాయన మోకు పేనుతూ కూర్చొని ఉన్నాడు. ఆమెను చూసి లేచాడు. పేనిన మోకు పురి విడిపోయింది.

"ఆ పొద్దు నేను నవ్వినందుకు కోపమొచ్చిందా మీకు?" అంది విశాలాక్షి.

"లేదు. ఆ మాటకు అట్లాంటి అర్థముండాదని నాకు తెల్దు."

"తెలిసింటే అనరు కదా. అదే మా నాయనకి చెప్తే, తెలియకపోవడం ఇంకా పెద్ద తప్పంటాడు." నవ్వు ముఖం కాస్తా మారింది. "నేనొకటి అడుగుతా. తెలుగులోనే. రొద్దం పక్క మా పెద్దమ్మోళ్ళ ఊర్లో మీ ఆఫీసోళ్ళు విత్తనాలకు పెట్టుకున్న గింజలు కూడా తూకమేసుకొని పోయినారంట. మీరు కూడా అట్లనే చేస్తారా?"

చిన్నాయన విడిపోయిన పురిని మళ్ళీ పేనబోయాడు. అబద్ధం చెబుతాడేమో అనుకున్నాను. ఆ సమయానికి అది సులువు కూడా.

"ఒగతూరి చేసినా," అన్నాడు. "కొత్తల్లో. ఒగ ముసలామె గాదె దగ్గర నిలబడి ఊరికే సూసింది. ఇంటికొచ్చి అన్నం తినల్యాకపోతి. అప్పటినుంచి విత్తనాలు పక్కన పెట్టించినంకనే కాటా ఎత్తిస్తాండా. ఇన్‌స్పెక్టరు అరుస్తాడు. అరవనీ అని ఉండాను. ఎప్పుడో ఒగరోజు పని పీకేస్తారు. పిల్లనిచ్చేవాళ్ళకి అది కూడా తెలియల్ల కదా."

విశాలాక్షి బర్రెవైపు తిరిగి దాని నుదురు నిమిరింది. "బర్రె బాగుండాది" అంది నాతో. మా చిన్నాయన తలకాయ అప్పుడు తిరిగిపోయి ఉంటుంది. పోయేముందు మాత్రం, "ఈతూరి మా ఇంటికొస్తే తెలుగులో మాట్లాడండి. మా నాయన సంగతి నేను చూసుకుంటా" అని చెప్పింది.

ఆమె ఎట్లా చూసుకుందో తర్వాత నాకు చెప్పింది. హెడ్మాస్టరుగారికి చూపు తగ్గి, పొద్దున్నే ఇంగ్లీషు పేపరు కూతురే చదివి వినిపించాలి. మరుసటి రోజు నుంచి ఆమె కనబడ్డ క్రియాపదాన్నల్లా తీసేసి 'ప్రొక్యూర్' అని చదవడం మొదలుపెట్టింది. మంత్రిగారు ఒక ఉపన్యాసం ప్రొక్యూర్ చేశారు. వాన మద్రాసును ప్రొక్యూర్ చేసింది. ఇద్దరు దొంగలు పోలీసులను ప్రొక్యూర్ చేశారు. మొదట ఆయన కసిరారు. తర్వాత చెవులు మూసుకున్నారు. రోజూ అదే వరస. ఒకనాడు క్రికెట్టు కబురు దగ్గర, బౌలరు బంతిని ప్రొక్యూర్ చేయగా బ్యాటు పట్టినవాడు ప్రొక్యూరై పెవిలియన్‌కు పోయాడని ఏ తొణుకూ బెణుకూ లేకుండా చదివిందట. ఆయన పెదవి వణికింది. ముఖం గోడవైపు తిప్పుకున్నారు గానీ భుజాలు కదులుతూనే ఉన్నాయి. "వాణ్ణి రమ్మను. నాకు నా పేపరు కావల్ల" అన్నారట.

రెండోసారి కూడా నేను వెంట పోయాను. హెడ్మాస్టరుగారు ముఖం గంభీరంగా పెట్టుకొని, "ఏమప్పా, మళ్ళా ఏమి పని మీద వచ్చినావు?" అన్నారు. చిన్నాయన చేతులు కట్టుకోలేదు. "మీ పాపను అడగను వచ్చినా సార్" అన్నాడు.

"అట్ల చెప్పు" అన్నారాయన. లోపలి నుంచి ఉప్పిట్టు వచ్చింది, కాఫీ వచ్చింది, మా అవ్వ రెండోమారు పెట్టించుకొని మరీ తినింది.

పెండ్లి చీర కోసం ధర్మవరం వచ్చినప్పుడు అవ్వ మగ్గాల ఇండ్లన్నీ తిప్పింది. ప్రతి ఇంట్లోనూ చీర విప్పించి, అంచును చెంపకు ఆనించుకొని, బాగుందని చెప్పకుండా లేచేది. చివరికి కుంకుమరంగు చీర దగ్గర కూర్చుండిపోయి, నేసినామె పిల్లల పేర్లు, ఊరు, ఒంట్లో నలత అన్నీ విచారించింది. బేరం మాత్రం ఆడలేదు. ఇట్లాంటిదాన్ని కొనుక్కున్నామనకూడదు, నేయించుకున్నామనల్ల అని దారి పొడుగునా చెప్పింది. ఇప్పుడు అదే వీధిలో నేనుంటున్నాను. మా పక్కింటి కోడలు ఫోను మీద వేలు తోస్తే చీర గుమ్మంలోకి వస్తుంది. తెచ్చినబ్బాయి ముఖం చూడదు, నచ్చకపోతే మర్నాడు తిప్పి పంపుతుంది. తప్పని అనను, నాకు కావాల్సిన మందులు నేనూ అట్లాగే తెప్పించుకుంటాను. కానీ పోయించుకోవడం, ఇప్పించుకోవడం, మార్చుకోవడం, నేయించుకోవడం ఒక్కొక్కటే మా ఇంట్లోంచి వెళ్ళిపోయాయి. వాటితోపాటు ముసలమ్మల మోకాళ్ళ నొప్పులు విచారించే పని కూడా తప్పిపోయింది. ఎవరి మోకాళ్ళు ఎట్లా ఉన్నాయో ఇప్పుడు నాకు తెలియదు. నావి ఎట్లా ఉన్నాయో ఎవరూ అడగరు.

చిన్నాయన ఉద్యోగం అతను అనుకున్నట్టుగానే పోయింది. కాకపోతే ఇన్‌స్పెక్టరు పీకేయలేదు, సర్కారే ధాన్యం మీద కట్టడి ఎత్తేసింది. ఇక ఆయన మా నాయనతో కలిసి వేరుశెనగ సేద్యంలోకి దిగాడు. విశాలాక్షి చిన్నమ్మ ఆడపిల్లల బడిలో ఇంగ్లీషు టీచరైంది. తొలి రోజుల్లో చిన్నాయన ఎక్కడ ఇంగ్లీషు మాట ఎత్తినా ఆమె దగ్గి హెచ్చరించేది. పోనుపోను ఆమె దగ్గు వినడానికే ఆయన ఎత్తేవాడని నా అనుమానం.

వాళ్ళు ముసలివాళ్ళయ్యాక ఒక మధ్యాహ్నం పెనుకొండలో చుట్టాల ఆడవాళ్ళమంతా నడవలో కూర్చొని ఉన్నాము. ఎవరి సంబంధం ఎవరు కుదిర్చారన్న మాట వచ్చింది. ఒకామెది మేనమామ తెచ్చిన సంబంధం, ఇంకొకామెది పురోహితుడు తెచ్చినది. చిన్నమ్మ వంతు వచ్చింది. చిన్నాయన ఆమె పక్కనే పీట మీద కూర్చొని, వేయించిన శెనక్కాయలు ఒలుచుకుంటున్నాడు. వినబడుతోందో లేదో తెలియదు, అప్పటికి ఆయనకు చెవులు మందగించాయి.

"మా నాయన చూడల్యా, సోమందేపల్లి తాత కుదర్చల్యా" అంది చిన్నమ్మ. "దర్గా పేరు చెప్పి జట్కా కట్టించుకొని నేనే పోతి. పెరట్లో కూసోనుంటే చూసి, మాట్లాడించి, తెచ్చుకుంటి."

చిన్నాయన తల ఎత్తలేదు. ఒలిచిన పప్పుల మీది పొట్టు ఊది, పిడికెడూ ఆమె అరచేతిలో పోశాడు.